స్ట్రైకర్ లేని ఫార్మేషన్: ఫుట్‌బాల్ మేనేజర్ ఆటలో ఒక పరీక్ష

గోల్‌కీపర్ పోగా మిగిలిన పదిమందిలో ఒక్కరినీ దాడి వరసలో నిలపకుండా జట్టును పేర్చడాన్ని స్ట్రైకర్ లేని ఫార్మేషన్ అంటారు. అంకెల్లో ఎక్కువగా 4-6-0 అని రాస్తారు: వెనక నలుగురు, మధ్యలో ఆరుగురు, ముందు సున్నా. మైదానంలో ఇది అరుదు. కంప్యూటర్ తెర మీద మాత్రం దీనికి అభిమానుల కొరత ఏనాడూ లేదు. లండన్‌లో స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ సంస్థ తయారుచేసి సెగా విడుదల చేసే ‘ఫుట్‌బాల్ మేనేజర్’ ఆడేవాళ్లలో కొందరు ఒకటి రెండు టైటిళ్లు గెలిచాక, స్ట్రైకర్ లేకుండా గెలవగలమా లేదా అని చూడడానికే కొత్త కెరీర్ మొదలుపెడతారు.

ఈ ఆటలో బంతిని తన్నేది మనం కాదు. జట్టు ఎంపిక, కొనుగోళ్లు, శిక్షణ, ఎవరు ఎక్కడ నిలబడి ఏం చేయాలన్న ఆదేశాలు, ఇంతవరకే మన చేతిలో ఉంటాయి. విజిల్ మోగాక మ్యాచ్ ఇంజన్ అనే ప్రోగ్రామ్ 22 మంది కదలికలనూ లెక్కగట్టి ఫలితం తేలుస్తుంది. కాబట్టి వింత ఫార్మేషన్‌ను ఇక్కడ పరీక్షించేవాళ్లు తెలిసో తెలియకో రెండు ప్రశ్నలు కలిపి అడుగుతున్నారు. ఈ ఆలోచన ఫుట్‌బాల్‌లో నిలుస్తుందా? ఈ ప్రోగ్రామ్‌లో నిలుస్తుందా? రెండింటికీ జవాబు ఒకటేనని అనుకోవడం దగ్గరే చాలా పరీక్షలు దారి తప్పాయి.

బోర్డు

వ్యూహమంటే మొదటి అర్థం సేనను నిలిపే తీరు. పద్మవ్యూహం కథ తెలిసిన తెలుగువారికి ఫార్మేషన్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. అయితే మన ఆటల పేజీల్లో వ్యూహం అన్న మాట ప్లాన్, ఎత్తుగడ, చివరికి టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకోవడం దాకా అన్నిటికీ వాడి వాడి అరిగిపోయింది. అందువల్ల ఈ వ్యాసంలో అమరిక వరకు ఫార్మేషన్ అనే అంటున్నాం.

ఇటీవలి చాలా భాగాల్లో (ఎడిషన్లలో) ఆట బోర్డు మీద గోల్‌కీపర్ గడి కాక 23 గడులుంటాయి. డిఫెన్స్ వరసలో 5, దాని ముందున్న డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్ వరసలో 5, మిడ్‌ఫీల్డ్‌లో 5, అటాకింగ్ మిడ్‌ఫీల్డ్‌లో 5, కొసన స్ట్రైకర్ వరసలో 3. ఈ 23లో పదింటిని ఎంచుకునే మార్గాలు 11,44,066. స్ట్రైకర్ వరసను ఖాళీగా వదిలేస్తే మిగిలిన 20 గడుల్లోంచి పదింటిని 1,84,756 విధాలుగా ఎంచుకోవచ్చు. అంటే బోర్డు అనుమతించే అమరికల్లో దాదాపు ఆరింట ఒకటి స్ట్రైకర్ లేనిదే! వీటిలో అత్యధికం పిచ్చి అమరికలే, పదిమందిలో ఎనిమిదిమంది ఎడమవైపు గుమిగూడినవి కూడా ఈ లెక్కలోకి వస్తాయి. అయినా సున్నా అన్నది ఎక్కడో మూలనున్న వింత కాదని, ఆట మొదటి నుంచీ తెరిచి ఉంచిన తలుపేనని ఈ అంకె చెబుతుంది.

కొత్తవాళ్లు తరచూ తప్పుగా అర్థం చేసుకునేది ఇంకొకటుంది. 2024 భాగం వరకు ఆ బోర్డు చూపించింది ముఖ్యంగా బంతి మన దగ్గర లేనప్పుడు జట్టు సర్దుకునే ఆకారాన్ని. బంతి దొరికాక ఎవరు ఎక్కడికి పోతారన్నది ఒక్కొక్కరికీ ఇచ్చిన పాత్రను బట్టి ఉంటుంది. అటాకింగ్ మిడ్‌ఫీల్డ్ గడిలో నిలిపిన వాడికి ‘షాడో స్ట్రైకర్’ పాత్ర ఇస్తే, దాడిలో అతను చాలామంది సెంటర్ ఫార్వర్డ్‌ల కంటే లోతుగా పెనాల్టీ బాక్సులోకి చొరబడతాడు. ‘ఫాల్స్ నైన్’ పాత్ర దీనికి తలకిందులు: బోర్డు మీద స్ట్రైకర్ గడిలోనే ఉంటాడు కానీ ఆడేది వెనక్కి వచ్చి. పట్టింపున్న పరీక్షకులు అందుకే ఫాల్స్ నైన్ ఉన్న జట్టును స్ట్రైకర్ లేని జట్టుగా ఒప్పుకోరు. మైదానంలో స్ట్రైకర్‌లా ఆడేది షాడో స్ట్రైకరే, ఫాల్స్ నైన్ కాదు కాబట్టి ఈ పట్టింపు ఫుట్‌బాల్ దృష్టితో చూస్తే కాస్త హాస్యంగానే ఉంటుంది. ప్రోగ్రామ్ దృష్టితో చూస్తే మాత్రం గడి మారితే ప్రత్యర్థి డిఫెండర్ ఎవరిని కాయాలన్న లెక్క మారిపోతుంది, పట్టింపుకు కారణం అది.

మైదానంలో

వెనక్కి వచ్చే సెంటర్ ఫార్వర్డ్ కొత్తవాడేం కాదు. 1953 నవంబర్ 25న లండన్ వెంబ్లీలో హంగేరీ 6-3తో ఇంగ్లండ్‌ను ఓడించిన మ్యాచ్‌లో నాండోర్ హిదెగ్‌కూటి వీపు మీద తొమ్మిదో నంబరు వేసుకుని మిడ్‌ఫీల్డ్‌లో తిరిగాడు. తనను కాయాల్సిన ఇంగ్లండ్ సెంటర్ హాఫ్‌కు వెంట వెళ్లాలో, ఉన్నచోటే ఉండాలో పాలుపోలేదు. హిదెగ్‌కూటి మూడు గోల్స్ కొట్టాడు.

ఆధునిక 4-6-0కు ఎక్కువమంది చూపించే ఉదాహరణ లూచానో స్పల్లెట్టీ నడిపిన రోమా. 2005-06 సీజన్‌లో స్ట్రైకర్లు గాయాలపాలైతే స్పల్లెట్టీ మధ్యలో ఆడే ఫ్రాన్చెస్కో టొట్టీని అందరికంటే ముందు నిలిపాడు. టొట్టీ వెనక్కి వస్తుంటే వెనకున్నవాళ్లు అతన్ని దాటుకుని ముందుకు పరుగెత్తారు. రోమా వరసగా 11 లీగ్ మ్యాచ్‌లు గెలిచింది, అప్పటికి ఇటలీలో అది రికార్డు. మరుసటి సీజన్‌లో స్ట్రైకర్ కాని ఆ టొట్టీయే లీగ్‌లో 26 గోల్స్‌తో యూరప్ గోల్డెన్ షూ అందుకున్నాడు. 2012 యూరో ఫైనల్లో సెస్క్ ఫాబ్రెగాస్‌ను ముందుంచి, అసలు సిసలు స్ట్రైకర్ లేకుండా బరిలోకి దిగిన స్పెయిన్ కీవ్‌లో ఇటలీని 4-0తో చిత్తు చేసింది.

ఇదే అంకెలకు ఇంకో ముఖం ఉంది. 2010 అక్టోబర్ 8న ప్రాగ్‌లో చెక్ రిపబ్లిక్ మీద స్కాట్లండ్ కోచ్ క్రెయిగ్ లెవిన్ 4-6-0 ఆడించాడు. గోల్ కొట్టడానికి కాదు, గోల్ ఇవ్వకుండా ఉండడానికి. స్కాట్లండ్ 1-0తో ఓడింది, లెవిన్‌కు ఆ మ్యాచ్ మచ్చగా మిగిలిపోయింది. టొట్టీ జట్టునూ ఈ జట్టునూ కాగితం మీద పక్కపక్కన పెడితే అంకెలు ఒకటే. ఒకదానిలో ఖాళీ వదిలింది మనుషులు దూసుకురావడానికి, రెండోదానిలో వదిలింది అక్కడ నిలబెట్టే మనిషిని వెనక కాపలాకు వాడుకోవడానికి.

హైదరాబాద్‌కు కూడా ఈ కథలో చోటుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్ది, తర్వాత భారత జట్టు కోచ్ అయిన సయ్యద్ అబ్దుల్ రహీం 1962 జకార్తా ఆసియా క్రీడల్లో చేసిన పని ఏ కంప్యూటర్ పరీక్షకూ తీసిపోదు. గ్రూప్ దశలో దక్షిణ కొరియా చేతిలో భారత్ 2-0తో ఓడింది. జట్టుకు వెన్నెముక లాంటి డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. రహీం సాబ్ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టలేదు, కుట్లు పడిన తలతో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో అదే దక్షిణ కొరియా మీద పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టగా భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. ఫుట్‌బాల్ మేనేజర్‌లో సెంటర్ బ్యాక్‌ను స్ట్రైకర్ గడిలోకి లాగితే అతని పేరు పక్కన వెంటనే ఎర్ర గుర్తు పడి, ఈ స్థానం ఇతనికి చేతకాదని అసిస్టెంట్ మొత్తుకుంటాడు. జర్నైల్ కుర్రతనంలో ఫార్వర్డ్‌గా ఆడాడా, హెడర్ ఎలా కొడతాడు, గాయంతో ఎంత మొండిగా నిలబడతాడు అన్న సంగతులు రహీంకు తెలిసినంతగా ఏ అంకెల పట్టికకూ తెలియవు.

తెర మీద ఒక గోల్

స్ట్రైకర్ లేని జట్టు బాగా కుదిరినప్పుడు తెర మీద కనిపించేది ఇది. మన మిడ్‌ఫీల్డర్ దగ్గర బంతి ఉంది. ముందున్న ముగ్గురు అటాకింగ్ మిడ్‌ఫీల్డర్లలో నడిమివాడు దానికోసం వెనక్కి వస్తాడు. ప్రత్యర్థి సెంటర్ బ్యాక్‌లు ఇద్దరికీ కాయడానికి మనిషి లేడు. వాళ్లలో ఒకడు వెనక్కి వచ్చేవాడి వెంట నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు, మళ్లీ కదులుతాడు. అతని వెనక ఖాళీ ఏర్పడుతుంది. కుడివైపు షాడో స్ట్రైకర్ పరుగు అప్పటికే మొదలైంది. నిలబడి ఉన్న డిఫెండర్ తిరిగి పరుగందుకునే లోపు ఇతను వేగం పుంజుకుని దాటిపోతాడు. ఆఫ్‌సైడ్ గీతకు చాలా వెనక నుంచి బయల్దేరాడు కాబట్టి జెండా లేవదు. ఒక్క పాస్, గోల్‌కీపర్ ఒంటరి.

కుదరనప్పుడు చూడాలి. ఆ ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల మీద ఒత్తిడి తెచ్చేవాడు లేడు. వాళ్లు బంతిని అరుగు మీద కూర్చుని పేకముక్కలు పంచుతున్నంత తీరిగ్గా అటూ ఇటూ పంచుకుంటారు. మన ఆరుగురు మిడ్‌ఫీల్డర్లు ఒకరి కాళ్లకు ఒకరు అడ్డం పడుతూ పాస్‌ల లెక్క పెంచుతారు. బంతి మన దగ్గర ఎక్కువసేపు ఉన్నట్టు పట్టిక చూపిస్తుంది, బాక్సు లోపలి నుంచి ఒక్క షాట్ ఉండదు. క్రాస్ వేస్తే అందుకునే తల లేదు. అవతలివాళ్లు వెనక్కి తగ్గి బాక్సు చుట్టూ గోడ కట్టేస్తే ఈ ఫార్మేషన్‌కు ప్రాణం ఉండదు, ఎందుకంటే అది బతికేది డిఫెండర్ల వెనకున్న ఖాళీ మీద. ఆటలో మరో మెలిక కూడా ఉంది. మనం గెలుస్తున్న కొద్దీ క్లబ్ పేరు పెరుగుతుంది, పేరు పెరిగిన కొద్దీ చిన్న జట్లు మన మీద జాగ్రత్తగా, వెనక్కి కూర్చుని ఆడతాయి. మొదటి సీజన్‌లో అదరగొట్టిన 4-6-0 రెండో సీజన్ నడిమికి నీరసించడానికి తరచూ కారణం ఇదే. ప్రోగ్రామ్ మన రహస్యం కనిపెట్టేసిందని గేమర్లు అనుకుంటారు. చాలాసార్లు అది కనిపెట్టింది మన రహస్యాన్ని కాదు, మన స్థాయిని.

ఎలా పరీక్షించాలి

ఇక్కడే అసలు చిక్కు. ఎక్కువమంది చేసే పరీక్ష ఇలా ఉంటుంది: ఫార్మేషన్ మార్చు, పది మ్యాచ్‌లు ఆడు, ఏడు గెలిస్తే అద్భుతమని ప్రకటించు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక జట్టు ఏ ఫార్మేషన్‌తో ఆడినా ప్రతి మ్యాచ్‌లో గెలిచే అవకాశం 45 శాతం అనుకుందాం, ఫార్మేషన్ వల్ల రవ్వంత తేడా కూడా లేదన్నమాట. అప్పుడు కూడా పది మ్యాచ్‌ల్లో ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ గెలిచే అవకాశం దాదాపు 10 శాతం ఉంటుంది. పదిమంది గేమర్లు పది రకాల పిచ్చి ఫార్మేషన్లు పరీక్షిస్తే, వాటిలో సగటున ఒకటి ఊరికే అదృష్టం కొద్దీ అద్భుతంగా కనబడుతుంది. మిగతా తొమ్మిదిమంది నోరు మెదపరు. ఆ ఒక్కరే ఊరంతా చెబుతారు.

సీజన్ మొత్తం ఆడితే సరిపోతుందా? అదే జట్టుకు 45 శాతం గెలుపు, 25 శాతం డ్రా, 30 శాతం ఓటమి అనుకుంటే 38 మ్యాచ్‌ల్లో సగటున 61 పాయింట్లు వస్తాయి. కానీ ఒక్కో సీజన్ ఆ సగటు నుంచి 8 పాయింట్లు అటూ ఇటూ ఊగడం మామూలు సంగతి. నిరుడు 55తో మధ్యలో ఉన్న జట్టు, ఏమీ మారకుండానే ఈ ఏడు 67తో యూరప్ పోటీల అంచుకు చేరవచ్చు. మధ్యలో ఎవరో స్ట్రైకర్‌ను తీసేసి ఉంటే పేరంతా ఆ సున్నాకు పోతుంది. రెండు ఫార్మేషన్ల మధ్య సీజన్‌కు 5 పాయింట్ల నిజమైన తేడా ఉందని కాస్త ధీమాగా చెప్పాలంటే ఒక్కోదాన్ని 20కి పైగా సీజన్లు ఆడించాలి. పొరపాటును సగానికి తగ్గించాలంటే మ్యాచ్‌లను నాలుగింతలు చేయాలి, ఈ సూత్రానికి దొడ్డిదారి లేదు.

చేత్తో అన్ని సీజన్లు ఆడితే పెళ్లీడు దాటిపోతుంది. గట్టి పరీక్షకులు ఆటలోని ‘సెలవు’ సదుపాయాన్ని వాడుకుంటారు. మేనేజర్ సెలవు మీద వెళ్తాడు, తన ఫార్మేషన్‌నే కొనసాగించమని అసిస్టెంట్‌కు చెప్పి వెళ్తాడు, కంప్యూటర్ రాత్రంతా సీజన్‌ను నడుపుతుంది. ఉదయం లేచి పాయింట్ల పట్టిక రాసుకుని, అదే సేవ్ ఫైల్‌ను మొదటి నుంచి మళ్లీ నడుపుతారు. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. మ్యాచ్ నడుమ మనం చేసే మార్పులు, అరుపులు, 70వ నిమిషంలో దింపే సబ్‌స్టిట్యూట్ లేకపోతే, ఫలితం ఫార్మేషన్‌దా, మేనేజర్ చాకచక్యానిదా అన్న గందరగోళం తగ్గుతుంది.

అయినా కలుషితం చేసేవి ఇంకా మిగులుతాయి. ఆటలో ప్రతి ఫార్మేషన్‌కూ జట్టు అలవాటు పడే కొలత ఒకటుంది. కొత్తగా పెట్టిన 4-6-0ను జట్టు పాతదంత బాగా ఆడదు, కాబట్టి మొదటి నెలల ఓటములను నేరుగా దాని ఖాతాలో రాయకూడదు. సత్తా సంగతీ అంతే. క్రీడాకారుల నైపుణ్యాలు 1 నుంచి 20 దాకా అంకెల్లో ఉంటాయి, కనబడని మొత్తం సత్తాను 200కు లెక్కిస్తారు. ఇద్దరు మంచి స్ట్రైకర్లున్న జట్టులో వాళ్లిద్దర్నీ బెంచీ మీద కూర్చోబెట్టి సున్నాను పరీక్షిస్తే మనం కొలిచింది ఫార్మేషన్‌ను కాదు, ఆ ఇద్దరి లోటును. తిరగేసి చూస్తే, షాడో స్ట్రైకర్ పాత్రకు సరిపోయే వేగమూ ఫినిషింగూ ఉన్న మిడ్‌ఫీల్డర్లను మూడు సీజన్ల పాటు ఏరి కొన్నాక గెలిచిన టైటిల్‌ను కూడా సున్నా గొప్పతనం అనలేం. అన్ని కొనుగోళ్లు సరిగ్గా చేసినవాడు 4-4-2తోనూ గెలిచేవాడేమో. జట్లన్నిటినీ ఒకే సత్తాకు తెచ్చి వాటి మధ్య వేల మ్యాచ్‌లు ఆడించేవాళ్లు ఈ గొడవను చాలావరకు వదిలించుకుంటారు. అయితే అలాంటి సమాన ప్రపంచం ఏ లీగ్‌లోనూ ఉండదు కాబట్టి వాళ్ల జవాబు శుభ్రంగానూ, కాస్త నిర్జీవంగానూ ఉంటుంది.

ఓడిన మ్యాచ్‌ను చెరిపేసి, సేవ్ ఫైల్ నుంచి మళ్లీ ఆడి గెలిచి, ఆ గెలుపును పట్టికలో వేసుకునేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంజన్ కంతలు

మేనేజర్ ఆటల వంశం పాతది. కెవిన్ టామ్స్ ‘ఫుట్‌బాల్ మేనేజర్’ పేరుతోనే ఒక ఆటను 1982లో తెచ్చాడు. పాల్, ఆలివర్ కాలియర్ సోదరులు ఇంట్లో కూర్చుని రాసిన ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’ 1992లో వచ్చింది. ఆ సోదరుల సంస్థ స్పోర్ట్స్ ఇంటరాక్టివ్, ప్రచురణకర్త ఐడోస్ 2003లో దారులు వేరు చేసుకున్నాక పాత పేరు ఐడోస్‌కు మిగిలింది, స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ 2004 నుంచి ఫుట్‌బాల్ మేనేజర్ పేరుతో సెగా దగ్గర స్థిరపడింది. మొదట్లో మ్యాచ్ అంటే తెర మీద పరుగెత్తే వ్యాఖ్యాన వాక్యాలే. 2003లో పైనుంచి చూస్తున్నట్టు చుక్కలు కదిలే టూడీ మైదానం, 2009 భాగంలో త్రీడీ వచ్చాయి. పరీక్షకులకు ఇది పెద్ద మలుపు. అంతవరకు స్కోరూ ఆ వాక్యాలే ఆధారం, ఇప్పుడు గోల్ ఎలా పడిందో కళ్లారా చూడవచ్చు.

చూడగలిగాక కంతలు కూడా కనబడ్డాయి. ఛాంపియన్‌షిప్ మేనేజర్ 03/04 రోజుల్లో ‘డయాబ్లో’ అనే అమరిక చేతులు మారింది. బాణం గుర్తుతో మధ్య నుంచి ముందుకు పంపిన మిడ్‌ఫీల్డర్‌ను ప్రత్యర్థి డిఫెండర్లు పట్టించుకునేవారు కాదు, అతను గోల్స్ గుట్టలు పోసేవాడు. అది ఫుట్‌బాల్ ఎత్తుగడ కాదు, ప్రోగ్రామ్‌లోని గుడ్డిచోటు. స్ట్రైకర్ లేని ఫార్మేషన్ కూడా వాడుకునేది వెనక నుంచి వచ్చే పరుగునే కాబట్టి దీని మీద ఎప్పుడూ అదే అనుమానం ఉంటుంది. హిదెగ్‌కూటిని కాయలేకపోయిన ఇంగ్లండ్ సెంటర్ హాఫ్ అయోమయం నిజమైనది. షాడో స్ట్రైకర్‌ను వదిలేసిన తెర మీది డిఫెండర్ అయోమయం ఎవరో ప్రోగ్రామర్ రాయని ఒక్క వరస వల్ల వచ్చినదీ కావచ్చు. ఏది ఏదో తేల్చే ఉపాయం ఒకటుంది: తయారీదారులు ఇంజన్‌ను సరిదిద్దిన ప్రతిసారీ అదే పరీక్ష మళ్లీ చేయడం. కంత మీద ఆధారపడ్డది సరిదిద్దిన వారంలోనే కూలిపోతుంది. షాడో స్ట్రైకర్ మీద కట్టిన జట్లు బలాబలాలు మారుతూనే చాలా భాగాల్లో బతికాయి. ఆ ఆలోచనలో కొంత ఫుట్‌బాల్ కూడా ఉందనడానికి ఈ వ్యాసకర్తకు కనిపించే ఆధారం అదే.

ఆటకు మాట తెలియని ఆలోచనను పరీక్షించడం కుదరదని కూడా గుర్తుంచుకోవాలి. క్రిస్ వైల్డర్ కోచింగ్‌లో షెఫీల్డ్ యునైటెడ్ సెంటర్ బ్యాక్‌లు వింగ్ బ్యాక్‌ల పక్క నుంచి ముందుకు పరుగెత్తి 2019-20 ప్రీమియర్ లీగ్‌లో తొమ్మిదో స్థానం తెచ్చారు. ఫుట్‌బాల్ మేనేజర్ ఆడేవాళ్లు దాన్ని అనుకరించాలంటే తంటాలు పడ్డారు, ఎందుకంటే ఆ పని చెప్పే పాత్రే లేదు. ‘వైడ్ సెంటర్ బ్యాక్’ అన్న పాత్ర 2022 భాగంలో వచ్చింది.

రెండు బోర్డులు

2025 భాగాన్ని స్పోర్ట్స్ ఇంటరాక్టివ్ ఆ ఏడాది ఫిబ్రవరిలో రద్దు చేసింది. 2025 నవంబర్ 4న విడుదలైన ఫుట్‌బాల్ మేనేజర్ 26లో బంతి మన దగ్గర ఉన్నప్పటి ఫార్మేషన్‌ను, లేనప్పటి ఫార్మేషన్‌ను విడివిడిగా గీసుకోవచ్చు. బంతి లేనప్పుడు 4-6-0, ఉన్నప్పుడు 3-2-5 అని రెండు బోర్డుల మీద రాసుకుంటే, అది స్ట్రైకర్ లేని జట్టా, ముందు అయిదుగురున్న జట్టా? ఇన్నాళ్లూ పాత్రల వెనక దాగిన సంగతిని ఆట ఇప్పుడు బాహాటంగా అడుగుతోంది. స్ట్రైకర్ గడి రెండు బోర్డుల మీదా ఖాళీగా ఉండాలని పట్టుబట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు పాత భాగాల పట్టికలు అక్కరకు రావు. కొత్త ఇంజన్‌లో సెలవు బొత్తాం నొక్కి, మొదటి సీజన్ నుంచి మళ్లీ లెక్క మొదలుపెట్టాలి.